మౌఖిక పరీక్షకు సన్నాహం

హైదరాబాదులో లిబర్టీ కూడలి నుండి నారాయణగూడ వైపు సాగే హిమాయత్‌నగర్ దారిలో నడిచేవారికి రెండు భిన్నమైన దృశ్యాలు కనిపిస్తాయి. ఉన్నత విద్యను తెలుగులో అందించాలన్న ఆశయంతో 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఈ ప్రాంతంలోనే ఉన్నది. అదే దారిలో మేడల మీద, మెట్ల పక్కన, ఆంగ్ల సంభాషణ నేర్పుతామనీ, విదేశీ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చేదాకా తోడుంటామనీ చెప్పే శిక్షణాలయాల బోర్డులు దర్శనమిస్తాయి. ఒకటి తెలుగులో ఆలోచించమంటున్నది. మరొకటి ఇంగ్లీషులో మాట్లాడమంటున్నది. ఈ రెండింటికీ విరోధమున్నదని విద్యార్థులలో ఎక్కువమంది నమ్మకం. తెలుగు మాధ్యమంలో చదివినవారికైతే అది నమ్మకం మాత్రమే కాదు, భయం కూడ.

ఈ భయం నిన్న మొన్నటిది కాదు. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలినాళ్ళలో ఆబిడ్స్ సమీపంలోని గన్‌ఫౌండ్రీ భవనాలలో నడిచింది. దానికి కూతవేటు దూరంలో, బషీర్‌బాగ్‌లో, 1887 నాటి నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఇంగ్లీషులో బోధించేది. ఉస్మానియాలో శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి ప్రత్యేకంగా ఒక అనువాద సంస్థ పనిచేసింది. అయినా అక్కడ ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశంగానే ఉండేది. తమ భాషలో శాస్త్రం చదివి ఇంకొక భాషలో దానిని గురించి మాట్లాడవలసిన అవసరం ఈ నగరపు విద్యార్థులకు నూరేళ్ళ నాడే ఎదురైనదన్నమాట.

డిగ్రీ పూర్తిచేసి విదేశాలలో ఉన్నత చదువుకు వెళ్ళదలచిన విద్యార్థి "ఇంటర్వ్యూ" అనే ఒకే మాటతో మూడు వేర్వేరు సందర్భాలను వ్యవహరిస్తుంటాడు. మొదటిది భాషాపరీక్షలోని మౌఖిక భాగం. రెండవది విశ్వవిద్యాలయంలోని ఆచార్యులు స్వయంగా జరిపే ముఖాముఖి. మూడవది వీసా కోసం కాన్సులేట్‌లో జరిగేది. 2008లో హైదరాబాదు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ ప్రారంభమయ్యేదాకా ఈ మూడవదాని కోసం మన విద్యార్థులు చెన్నైకి రైలెక్కేవారు. 2023 నుండి ఆ కార్యాలయం నానక్‌రామ్‌గూడలో ఉన్నది. అక్కడి అధికారి తెలుసుకోదలచేది విద్యార్థి చదువుకే వెళ్తున్నాడా, ఖర్చులకు ఆధారమున్నదా అన్నది. అది కొద్ది నిమిషాల వ్యవహారం. దానికి కావలసినది సత్యం, క్లుప్తత. ఈ పాఠంలో మొదటి రెండింటినే ముఖ్యంగా పరిశీలిద్దాం.

భాషాపరీక్షలలో టోఫెల్ 1964లో మొదలైంది. చాలాకాలం దాని ప్రధాన పరీక్షలో మాట్లాడవలసిన భాగమే లేదు. 2005లో ఇంటర్నెట్ ద్వారా జరిపే పద్ధతి వచ్చినప్పుడు ఆ భాగం చేరింది. అందులో విద్యార్థి మాట్లాడేది మనిషితో కాదు, మైకుతో. 1989లో మొదలైన ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్షలో మాత్రం పరీక్షకుడు ఎదుట కూర్చుని మాట్లాడిస్తాడు. అది 11 నుండి 14 నిమిషాలలో ముగుస్తుంది. తొలుత ఊరు, చదువు, అభిరుచుల వంటి తెలిసిన విషయాలు. తరువాత ఒక కార్డు మీద ఇచ్చిన అంశంపై 1 నిమిషం ఆలోచించుకుని 2 నిమిషాలకు మించకుండా ప్రసంగం. చివర ఆ అంశాన్నే విస్తరించే చర్చ. మార్కులు నాలుగు విషయాలకు సమానంగా వేస్తారు. ధార తెగకుండా పొందికగా చెప్పడం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. ఇంగ్లండువారి యాసలో మాట్లాడాలన్న నియమం ఈ నాలుగింటిలో ఎక్కడా లేదు. ఉచ్చారణలో చూసేది వినేవారికి శ్రమలేకుండా అర్థమవుతున్నదా అన్నదే. యాసను అరువు తెచ్చుకోవడానికి నెలల తరబడి డబ్బు వెచ్చించే విద్యార్థులు ఈ సంగతి మొదటనే తెలుసుకుంటే మంచిది.

ఆచార్యులు జరిపే ముఖాముఖి దీనికంటె లోతైనది. ఎం.ఎస్. వంటి కోర్సులకు చాలా విశ్వవిద్యాలయాలు ముఖాముఖి లేకుండానే ప్రవేశమిస్తాయి. పిహెచ్.డి.కీ, ఎం.బి.ఎ.కూ, ఉపకారవేతనంతో కూడిన స్థానాలకూ మాత్రం మాట్లాడించి చూడడం పరిపాటి. అమెరికాలో బోధన సహాయకుడిగా పనిచేస్తే ఫీజు మినహాయింపు, జీతం లభించే అవకాశమున్నది; ఆ పని ఇచ్చేముందు విదేశీ విద్యార్థి తరగతిలో మాట్లాడగలడా లేదా అని అనేక విశ్వవిద్యాలయాలు పరీక్షిస్తాయి. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టే తండ్రికీ, ఫీజు అక్కరలేకుండా చదివే కొడుకుకూ మధ్య ఒక్కొక్కసారి అడ్డుగా నిలిచేది ఈ అరగంట సంభాషణ. కనుక దీనిని కేవలం మర్యాదపూర్వకమైన పలకరింపుగా భావించరాదు.

మాటను బట్టి మనిషి చదువును అంచనా వేయడం మన సాహిత్యానికి కొత్త కాదు. కిష్కింధకాండలో సుగ్రీవుని పంపున వచ్చిన హనుమంతుడు మాట్లాడిన కొద్ది మాటలను విని, ఇతడు వేదాలూ వ్యాకరణమూ చక్కగా చదివినవాడని రాముడు లక్ష్మణునితో అంటాడు. ఆ ప్రశంసలో రాముడు గమనించినవి చూడండి. మాట సాగదీయలేదు, తడబడలేదు, మరీ వేగంగానో మరీ నెమ్మదిగానో పలకలేదు, గొంతు మధ్యమస్థాయిలో ఉన్నది, ముఖంలో వికారం లేదు. ఇక పాణినీయశిక్ష అధమ పాఠకులను ఆరు విధాలుగా చెప్పింది. రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, వ్రాసినదానిని చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పెగలనివాడు. వేదపాఠకులను ఉద్దేశించి చెప్పిన ఈ లక్షణాలు హిమాయత్‌నగర్ శిక్షణాలయపు గోడమీద వ్రాసిపెట్టినా చక్కగా అతుకుతాయి.

ఈ ఆరింటిలో మన విద్యార్థులను ఎక్కువగా దెబ్బతీసేవి నాలుగవదీ, అయిదవదీ. శిక్షణాలయాలలో "తరచుగా అడిగే ప్రశ్నలు" అనే పుస్తకం చేతికి వస్తుంది. దానిలోని జవాబులను విద్యార్థి వల్లెవేస్తాడు. నేను కంఠస్థం చేయడాన్ని తక్కువ చేయడం లేదు. పద్యం కంఠస్థం కానివానికి సాహిత్యం ఒంటబట్టదని నమ్మే తరానికి చెందినవాణ్ణి. అయితే కంఠస్థం చేసిన పద్యం మన జ్ఞాపకానికి సంపద. కంఠస్థం చేసిన జవాబు మాత్రం రెండవ ప్రశ్నతోనే చెల్లని నాణెం అవుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం.

"మీరు ఈ కోర్సునే ఎందుకు ఎంచుకున్నారు?" అన్నది తప్పక వచ్చే ప్రశ్న. పుస్తకంలోని జవాబు ఇట్లా ఉంటుంది: "నాకు చిన్ననాటి నుండి రసాయనశాస్త్రమంటే మక్కువ. మీ విశ్వవిద్యాలయం ప్రపంచ ప్రసిద్ధమైనది." ఈ రెండు వాక్యాలలో వ్యాకరణదోషం లేదు. కాని వీటిని ఎవరైనా చెప్పవచ్చు, ఏ విశ్వవిద్యాలయానికైనా చెప్పవచ్చు. ఇప్పుడు నల్లగొండ జిల్లానుండి వచ్చిన ఒక విద్యార్థిని ఇలా చెప్పిందనుకుందాం: "నేను నీటిశుద్ధిని చదవాలనుకుంటున్నాను. ఎందుకంటే మా ఊరి బావి నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. మా తాతగారి తరంవారి ఎముకలు వంగిపోయాయి." లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి. నల్లగొండ ప్రాంతపు బావులలో దానిని మించిన ఫ్లోరైడు ఉండడం వల్ల ఎందరో ఫ్లోరోసిస్ వ్యాధికి లోనయ్యారు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970 దశకంలో పటికనూ సున్నాన్నీ కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే ఒక పద్ధతిని రూపొందించింది. దానికి ప్రపంచమంతటా "నల్లగొండ పద్ధతి" అనే పేరు. ఆ విద్యార్థిని ఈ విషయం కూడ చెబితే ఎదుటివారు తప్పక ఆసక్తిగా ముందుకు వంగుతారు.

అప్పుడే రెండవ ప్రశ్న వస్తుంది. "అంత మంచి పద్ధతి ఉన్నప్పుడు సమస్య తీరలేదేం?" ఇది ఏ పుస్తకంలోనూ లేని ప్రశ్న. పటిక వేసిన తొట్టి అడుగున మడ్డి మిగులుతుందనీ, దానిని ఎక్కడ పారబోయాలన్నది చిక్కేననీ, శుద్ధిచేసిన నీటిలో అల్యూమినియం మిగిలే ప్రమాదమున్నదనీ, రోజూ మోతాదు చూసి వేసే మనిషి కావాలనీ, తరువాతి కాలంలో నదీజలాలను గొట్టాల ద్వారా తెచ్చారనీ ఆమె చెప్పగలగాలి. "ఖర్చెంత?" అన్నది మూడవ ప్రశ్న కావచ్చు. తెలియకపోతే తెలియదని చెప్పి, తెలుసుకోవలసి వస్తే ఏ లెక్కలు చూస్తుందో ఒక వాక్యంలో చెప్పాలి. పరిశోధనకు పిలిచే ఆచార్యుడు వెదికేది ఈ చివరి వాక్యాన్నే. అన్నీ తెలిసినవానికి పరిశోధన దేనికి?

మన అష్టావధానంలోని కౌశలం ఇటువంటిదే. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి అంటూ ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు అప్రస్తుత ప్రసంగం చేస్తారు; అవధాని పద్యంలో మునిగి ఉండగా పొంతనలేని ప్రశ్న వేసి ధ్యాస చెదరగొట్టడమే ఆయన పని. అవధాని దానికి నవ్వుతూ జవాబిచ్చి, విడిచిన పాదం దగ్గరకు తిరిగి వస్తాడు. అవధానికి వేల పద్యాలు నోటికి వస్తాయి. అయినా సభలో వాటిని ఒప్పజెప్పడు. వాటి బలంతో అక్కడికక్కడ కొత్త పద్యం చెప్తాడు.

విషయం సిద్ధమైన తరువాతనే భాష. ఇక్కడ తెలుగువారు గుర్తించవలసిన మొదటి సంగతి వాక్యనిర్మాణం. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. "మా ఊళ్ళో నీళ్ళు బాగుండక, పిల్లల పళ్ళు గారపట్టడం చూసి, దీనికి ఉపాయం లేదా అని ఆలోచించి, నీటిశుద్ధి చదువుదామనుకున్నాను" అంటాం. కారణాలన్నీ ముందు, నిర్ణయం చివర. ఇది మన భాషకు అందం. వినేవాడు చివరిదాకా ఓపికపడతాడు. ఇంగ్లీషులో కర్త, క్రియ వెంటవెంటనే వస్తాయి. "నీటిశుద్ధి చదువుదామనుకున్నాను" అన్నది ముందు చెప్పి, "ఎందుకంటే" అంటూ కారణాలను ఒక్కొక్కటిగా చేర్చాలి. ఈ క్రమం మారక, తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్లు ఇంగ్లీషు మాటలతో నింపబోయినప్పుడే విద్యార్థి నడిమధ్యలో ఆగిపోతాడు. అతనికి పదాలు రాక కాదు; వాక్యం తల, తోక తారుమారయ్యాయి. చిన్న వాక్యాలలో చెప్పడం అలవాటైతే ఈ చిక్కు చాలవరకు తొలగిపోతుంది.

ఉచ్చారణ విషయంలో తెలుగు వ్యాకరణం చదివిన విద్యార్థికి ఒక అదనపు బలమున్నది. తన నోటి అలవాట్లకు కారణం తనకు తెలుసు. తెలుగు పదాలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి. మనది అజంత భాష. అందుకే బస్ మన నోట బస్సు అయింది, రోడ్ రోడ్డు అయింది. తెలుగు మాట్లాడేటప్పుడు ఇవి చక్కని తెలుగు పదాలే. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మాత్రం చివరి ఉకారాన్ని ఆపుకోవాలి. అట్లాగే పదం ఎకారంతో మొదలైతే మనకు తెలియకుండానే యకారం వచ్చి చేరుతుంది. ఎగ్జామ్ కాస్తా యెగ్జామ్ అవుతుంది. ఇంగ్లీషులో రెండు వేర్వేరు ధ్వనులున్నచోట మనకు వకారం ఒక్కటే. ద్రాక్షతీగకూ ద్రాక్షసారాకూ ఉన్న ఇంగ్లీషు పేర్లను మనం ఒకే విధంగా పలుకుతాం. తీగ పేరులోని ధ్వనికి పైపళ్ళు కింది పెదవిని తాకాలి. సారా పేరులోని ధ్వనికి పెదవులు గుండ్రంగా ముడవాలి, పళ్ళు తాకరాదు. జూ, జీరో వంటి మాటలలోని మొదటి ధ్వని పలకలేమని కొందరు బెదిరిపోతారు. రోజు, గాజు అన్నప్పుడు వచ్చే దంత్య జకారాన్ని ఒకసారి మెల్లగా పలికి చూడండి. ఆ ధ్వని మీ నోటిలో ముందునుండీ ఉన్నదే.

వీటన్నిటికంటె ముఖ్యమైనది ఊనిక. ఛందస్సులో మీరు గురులఘువులను గుర్తించడం నేర్చుకున్నారు. మన గురువుకు ప్రాణం కాలం. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఇంగ్లీషులో కాలంతో పాటు బలం కూడ ఉన్నది. ప్రతి పెద్ద పదంలోనూ ఒక అక్షరాన్ని ఒత్తి పలికి మిగిలినవాటిని తేల్చివేస్తారు. ఫొటోగ్రాఫ్ అన్నప్పుడు ఒత్తు మొదటి అక్షరం మీద, ఫొటోగ్రఫీ అన్నప్పుడు రెండవదాని మీద, ఫొటోగ్రాఫిక్ అన్నప్పుడు మూడవదాని మీద. మనం అన్ని అక్షరాలనూ సమానంగా పలుకుతాం కనుక, ఒక్కొక్క ధ్వని శుద్ధంగా ఉన్నా వినేవారికి పదం పట్టుబడదు. మీ శాస్త్రంలో తరచుగా వాడే యాభై, అరవై పదాలకు ఊనిక ఎక్కడో నిఘంటువులో చూసి, గణవిభజన చేసినట్లు గుర్తులు పెట్టుకోండి. నెలల తరబడి యాసను సాధన చేయడం కంటె ఇది ఎక్కువ ఫలమిస్తుంది.

తెలుగు చదువు విదేశీ విద్యకు అడ్డమని భావించేవారు ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి జీవితాన్ని పరిశీలించాలి. 1928లో ఒంగోలులో జన్మించిన ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివినది తెలుగు భాషాసాహిత్యాలలో ఆనర్సు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేటు పొందినది తెలుగు క్రియాధాతువుల మీద. ఆ పరిశోధన 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడింది. ఆ తరువాత ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను తీర్చిదిద్ది, హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. ఆయన అక్కడ ఇంగ్లీషులోనే మాట్లాడారు, ఇంగ్లీషులోనే వ్రాశారు. చెప్పిన విషయం మాత్రం ఇంటినుండి తీసుకువెళ్ళినది.

ఇంటర్మీడియట్ విద్యార్థికి ఈ పరీక్ష ఇంకా అయిదారేళ్ళ దూరంలో ఉన్నది. ఇప్పుడు చేయదగిన పని ఏమిటి? ఈ వారం ప్రయోగశాలలో లఘులోలకంతో ప్రయోగం చేశారనుకోండి. లోలకపు గుండు బరువు పెంచినా డోలనకాలం ఎందుకు మారలేదో, డోలన పరిమితిని చిన్నదిగా ఎందుకు ఉంచమన్నారో మొదట తెలుగులో మీ తోబుట్టువుకు చెప్పండి. అక్కడ తడబడితే లోపం భాషలో లేదు, విషయంలోనే ఉన్నది. తెలుగులో కుదిరిన తరువాత అదే విషయాన్ని 2 నిమిషాలలో ఇంగ్లీషులో చెప్పి ఫోనులో రికార్డు చేయండి. మరునాడు వినండి, అదే రోజు వింటే మన తప్పు మన చెవికి దొరకదు. తెలుగు మాధ్యమం వారు త్వరణానికి యాక్సిలరేషన్, కిరణజన్య సంయోగక్రియకు ఫొటోసింథసిస్ అంటూ ఒక జంటపదాల పుస్తకం వ్రాసుకోవడం మంచిది. సమీకరణాలను, ఘాతాంకాలను ఇంగ్లీషులో పైకి చదవడం కూడ అలవాటు చేసుకోవాలి. బల్లమీద ఎంతటి లెక్కనైనా చేయగలిగిన విద్యార్థి, "పది ఘాతం మైనస్ మూడు" అన్నదాన్ని ఇంగ్లీషులో పైకి చదవమంటే ఆగిపోవడం కద్దు. ఆ మాట అతడు ఎన్నడూ నోటితో అనలేదు.

ముఖాముఖి ఇప్పుడు ఎక్కువగా కంప్యూటరు తెరమీదనే జరుగుతున్నది. న్యూయార్కులో ఉదయం 10 గంటలైతే మనకు శీతకాలంలో రాత్రి 8.30, వేసవిలో 7.30. ఇంట్లో టీవీ మోగే వేళ, వీధిలో ఊరేగింపు సాగే వేళ అది. గదినీ, కరెంటునూ, ఇంటర్నెట్‌నూ ముందుగానే చూసుకోవాలి. ప్రశ్న సరిగా వినబడకపోతే మళ్ళీ అడగమనడం తప్పు కాదు; వినని ప్రశ్నకు జవాబు చెప్పడమే తప్పు. దరఖాస్తుతో పాటు పంపే ఉద్దేశ్య పత్రాన్ని ఇతరుల చేత వ్రాయించుకునే అలవాటు ఒకటి మన మధ్య పెరిగింది. ఆచార్యుడు ఆ పత్రంలోని ఒక వాక్యాన్ని చూపి "దీనిని వివరించండి" అన్నప్పుడు ఆ వ్రాసిపెట్టినవారు పక్కన ఉండరు.

చివరగా ఎదుటివారు "మీరేమైనా అడగదలచుకున్నారా?" అంటారు. మన పిల్లలు పెద్దలముందు ప్రశ్నించరాదన్న సంస్కారంతో "ఏమీ లేదండీ" అంటారు. అడగాలి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ అనే బూటకపు విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు దానిలో చేరిన వందలాది తెలుగు విద్యార్థులు దిక్కుతోచక నిలిచారు. ఎక్కడ చేరుతున్నామో, ఎవరు పాఠం చెప్తారో విచారించడం విద్యార్థి హక్కు. నన్ను మార్గదర్శనం చేసే ఆచార్యులు ఎవరు, ప్రయోగశాలలో ఇప్పుడు ఏ పని జరుగుతున్నది, రెండవ సంవత్సరం ఉపకారవేతనం కొనసాగడానికి షరతులేమిటి, ఇంతకుముందు మా దేశంనుండి వచ్చినవారితో మాట్లాడవచ్చునా. ఇటువంటి నాలుగు ప్రశ్నలను కాగితం మీద వ్రాసుకుని దగ్గర పెట్టుకోండి. వీటిని చూసి చదివినా ఎవరూ తప్పుపట్టరు.